పన్నుతో పాటే పోయిన డబ్బు

2025 ఏప్రిల్ 1 తెల్లవారేసరికి కెనడాలోని చాలా ఊళ్ళలో పెట్రోలు ధర లీటరుకు దాదాపు 18 సెంట్లు దిగింది. ఇంధనం మీద ఫెడరల్ ప్రభుత్వం వేస్తున్న కార్బన్ పన్ను ఆ రోజుతో సున్నా అయింది. మూడు వారాల తర్వాత, ఏప్రిల్ 22న, ఆ పన్ను డబ్బులోంచి కుటుంబాలకు మూడు నెలలకోసారి తిరిగి వస్తున్న రిబేటు చివరిసారిగా బ్యాంకు ఖాతాల్లో పడింది. పన్ను పోవడం ఎన్నికల సభల్లో మారుమోగింది. రిబేటు పోవడం గురించి మాట్లాడిన నాయకుడు దాదాపు లేడు.

ఈ రెండో ముగింపు మీద జరగాల్సినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం. కెనడాలో ఆగిపోయింది పన్ను ఒక్కటే కాదు. ధనిక పేద తేడా లేకుండా ఒక ప్రావిన్సులోని కుటుంబాలన్నిటికీ ఒకే కొలతన పంచిన డబ్బు కూడా ఆగిపోయింది. దాన్ని నిలబెట్టమని వీధిలోకి వచ్చినవాళ్ళు లేరు. పుచ్చుకున్నవాళ్ళలో చాలామందికి అది తమ చేతికి వస్తున్నట్టే సరిగ్గా తెలియదు. అంత పెద్ద మొత్తం అంత నిశ్శబ్దంగా ఎలా పోయిందన్నది కెనడావాళ్ళు మాత్రమే ఆలోచించాల్సిన ప్రశ్న కాదు. ఇదే దారిలో వెళ్ళిన దేశాలు, వెళ్ళబోతున్న దేశాలు ఇంకా ఉన్నాయి.

పన్నూ రిబేటూ ఒకే చట్టం కడుపున పుట్టాయి. ప్రధాని జస్టిన్ ట్రూడో లిబరల్ ప్రభుత్వం 2018లో ఆ చట్టం చేసింది. సొంతంగా కార్బన్‌కు ధర పెట్టని ప్రావిన్సుల్లో ఫెడరల్ పన్ను వర్తిస్తుందని అందులోని ప్రధాన నియమం. 2019 ఏప్రిల్ 1న ఒంటారియో, మానిటోబా, సస్కాచువాన్, న్యూ బ్రన్స్‌విక్‌లలో మొదలైంది. 2020 జనవరిలో అల్బర్టా చేరింది. 2023 జులైలో అట్లాంటిక్ తీరపు ప్రావిన్సులన్నీ దీని కిందికి వచ్చాయి. కార్బన్ డయాక్సైడ్ టన్నుకు 20 డాలర్లతో మొదలైన ధర ఏటా పెరుగుతూ 2024 ఏప్రిల్‌కి 80 డాలర్లయింది. 2030 నాటికి 170 చేరాలన్నది అప్పటి లక్ష్యం. 80 డాలర్ల దగ్గర పెట్రోలు మీద లీటరుకు 17.61 సెంట్లు, ఇళ్ళను వెచ్చబెట్టే సహజవాయువు మీద ఘనపు మీటరుకు 15.25 సెంట్లు పడేది. వసూలైన దాంట్లో 90 శాతానికి తగ్గకుండా, ఏ ప్రావిన్సులో వసూలైతే ఆ ప్రావిన్సు కుటుంబాలకే తిరిగి ఇచ్చేవారు. ఎవరు ఎంత ఇంధనం కాల్చారన్న దానితో రిబేటుకు సంబంధం లేదు. కిటుకంతా అక్కడే ఉంది. తక్కువ కాల్చినవాడు కట్టేది తక్కువ, పుచ్చుకునేది మాత్రం అందరితో సమానం.

ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. ఒంటారియోలో భార్య, భర్త, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి 2024–25లో రిబేటు 1,120 డాలర్లు, అంటే మూడు నెలలకోసారి 280. కారుకు వారానికి 40 లీటర్లు పోయిస్తే ఏడాదికి 2,080 లీటర్లు. దాని మీద కార్బన్ పన్ను 366 డాలర్లు. చలికాలం ఇల్లు వెచ్చగా ఉంచడానికి, నీళ్ళు కాచుకోవడానికి ఏడాదికి 2,400 ఘనపు మీటర్ల గ్యాసు అనుకుంటే దాని మీదా మరో 366. ఈ పన్ను మీద మళ్ళీ 13 శాతం అమ్మకం పన్ను పడేది, అది 95. మొత్తం కట్టింది 827 డాలర్లు, వచ్చింది 1,120. కిరాణా సరుకుల్లో లారీ కిరాయి రూపంలో కలిసిపోయిన పన్నుకు ఇంకో వంద తీసేసినా ఆ ఇంటికి మిగులే. అదే ఊళ్ళో పెద్ద ఇల్లు, రెండు కార్లు, ఏడాదికి 4,000 లీటర్ల పెట్రోలు, 3,500 ఘనపు మీటర్ల గ్యాసు వాడే కుటుంబం కట్టేది దాదాపు 1,400. వాళ్ళకు 280 డాలర్ల నష్టం. ఇక కారు లేకుండా, బస్సులో తిరుగుతూ, చిన్న అపార్టుమెంటులో అద్దెకు ఉండే నలుగురి కుటుంబానికి రిబేటులో చాలా భాగం మిగిలిపోయేది. పథకం చెప్పదలచుకున్నది ఈ మూడు ఇళ్ళ తేడాయే. దాన్ని ఈ భాషలో జనానికి చెప్పినవాళ్ళు తక్కువ.

కెనడాకు కార్బన్ పన్ను కొత్త కాదు. బ్రిటిష్ కొలంబియాలో గోర్డన్ క్యాంప్‌బెల్ నాయకత్వంలోని, మితవాదం వైపు మొగ్గిన ప్రభుత్వం 2008 జులై 1న టన్నుకు 10 డాలర్లతో మొదలుపెట్టింది. అంతకు ముందు నెలలోనే ప్రతి నివాసికీ 100 డాలర్లు పంచింది. వచ్చిన ఆదాయానికి సరిపడా ఆదాయపు పన్ను, కంపెనీల పన్ను తగ్గించింది. తొలి ఏళ్ళ మీద జరిగిన అధ్యయనాలు ఆ పన్ను వల్ల ఉద్గారాలు 5 నుంచి 15 శాతం తగ్గాయని అంచనా వేశాయి. అదే 2008లో ఫెడరల్ ఎన్నికల్లో లిబరల్ నాయకుడు స్టెఫాన్ డియాన్ కార్బన్ పన్ను ప్రణాళికతో వెళ్ళి ఘోరంగా ఓడాడు. పదమూడేళ్ళ తర్వాత, 2021 ఎన్నికల్లో కన్సర్వేటివ్ నాయకుడు ఎరిన్ ఓటూల్ తన సొంత కార్బన్ ధరతోనే ఓట్లడిగాడు. ఆ తర్వాత వచ్చిన పియేర్ పొలియేవ్ చేతిలో పన్నును నరికేద్దామనే నినాదం పార్టీకి ప్రధాన ఆయుధమైంది. కాబట్టి కన్సర్వేటివ్‌లు మొదటి నుంచీ కార్బన్ ధరకు శత్రువులనడం చరిత్రకు సరిపడదు. ఈ గీత చాలా ఆలస్యంగా గీసుకున్నది.

రిబేటు చేతికి అందిన తీరులోనే దాని బలహీనత మొదలైందని నేను గట్టిగా నమ్ముతాను. మొదటి మూడేళ్ళూ అది ఆదాయపు పన్ను రిటర్నులో కలిసి వచ్చింది. అదనంగా కట్టిన పన్ను వాపసు, పిల్లల చదువు రాయితీ, ఇంకా ఏవేవో కలిసిన ఒకే మొత్తంలో అదొక అంకె. బకాయి ఉన్నవాడికి బకాయి కాస్త తగ్గడం తప్ప డబ్బు కంటికి కనబడదు. 2022 జులై నుంచి మూడు నెలలకోసారి నేరుగా ఖాతాలో వేయడం మొదలుపెట్టారు. అప్పుడైనా మేలు జరగాల్సింది, కానీ పేరు అడ్డం వచ్చింది. దాని అధికారిక పేరు వాతావరణ చర్యకు ప్రోత్సాహకం అని. పన్ను అనే మాట గానీ, కార్బన్ అనే మాట గానీ అందులో లేవు. బ్యాంకు స్టేట్‌మెంటులో ఒక్కో బ్యాంకు ఒక్కో పొడి అక్షరాలతో చూపించేది. కొన్ని చోట్ల ప్రభుత్వం నుంచి జమ అని మాత్రమే ఉండేది. స్పష్టమైన పేరు వేయమని మంత్రులే బ్యాంకుల వెంట పడాల్సి వచ్చింది. కెనడా కార్బన్ రిబేటు అని సూటి పేరు పెట్టింది 2024 ఫిబ్రవరిలో. అప్పటికి పన్ను మొదలై దాదాపు ఐదేళ్ళు.

పన్ను వైపు చూస్తే అంతా పగటి వెలుగే. ఒంటారియోలో ఇంటికి వచ్చే గ్యాసు బిల్లులో ఫెడరల్ కార్బన్ ఛార్జి అని విడిగా ఒక వరుస, ఎదురుగా డాలర్లు, సెంట్లు ఉండేవి. ప్రతి నెలా అదే చోట. అదే ప్రావిన్సులో కరెంటు బిల్లు మీద వచ్చే రాయితీని అదే బిల్లులో తగ్గించి చూపిస్తారు. గ్యాసు బిల్లులో మాత్రం కట్టేది కనిపించేది, తిరిగొచ్చేది మరో కాగితంలో, మరో తేదీన, మరో పేరుతో ఉండేది. 2019లో డగ్ ఫోర్డ్ నాయకత్వంలోని ప్రావిన్సు ప్రభుత్వం ఒంటారియో బంకులన్నిటి మీదా స్టిక్కర్లు అంటించాలని చట్టం చేసింది. లీటరుకు ఇప్పుడు 4.4 సెంట్లు, 2022 నాటికి 11 సెంట్లు అని ఎక్కే గీత అందులో ఉంది. రిబేటు ప్రస్తావన లేదు. ఇష్టం లేని మాట బంకు యజమానుల చేత బలవంతంగా చెప్పించడం రాజ్యాంగ విరుద్ధమని 2020లో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. కోర్టు తీర్పు వచ్చేసరికి ఆ అంకెలు జనం మనసుల్లో అంటుకుని ఏడాది దాటింది.

న్యాయస్థానంలో పన్ను గెలిచింది కూడా. సస్కాచువాన్, ఒంటారియో, అల్బర్టా వేసిన కేసుల్లో 2021 మార్చి 25న సుప్రీంకోర్టు ఆరుగురు, ముగ్గురుగా చీలి ఫెడరల్ చట్టం చెల్లుతుందని చెప్పింది. ఓడింది రాజకీయాల్లో, అదీ సొంత ప్రభుత్వం చేతిలోనే మొదట. 2023 అక్టోబరు 26న ట్రూడో ఇళ్ళను వెచ్చబెట్టే నూనె మీద మూడేళ్ళ పాటు పన్ను ఆపేస్తున్నామని ప్రకటించాడు. ఆ నూనె ఎక్కువగా వాడేది అట్లాంటిక్ ప్రావిన్సుల్లో, లిబరల్ పార్టీకి సీట్లున్న చోట. గ్యాసుతో ఇల్లు వెచ్చబెట్టుకునే మైదాన ప్రాంతాలవాళ్ళు మాకెందుకు లేదని అడగడం న్యాయమే. సస్కాచువాన్ ప్రభుత్వం 2024 జనవరి నుంచి ఇళ్ళ గ్యాసు మీద ఆ పన్ను వసూలు చేయడమే మానేసింది. గ్రామీణులకు ఇచ్చే అదనపు రిబేటును 10 నుంచి 20 శాతానికి పెంచినా ఆ గాయం మానలేదు. రిబేటు మీద ప్రభుత్వానికే నమ్మకం ఉంటే, కష్టంలో ఉన్నవాళ్ళకు రిబేటు పెంచి పన్నును అలాగే ఉంచాలి. పన్నును తగ్గించడంతో, రిబేటు మీ ఖర్చుకు సరిపోవడం లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. ఈ పథకం చావుకు తేదీ ఏదంటే నేను 2025ను కాదు, ఆ అక్టోబరునే చూపిస్తాను.

అంకెల తగువు ఒకటి దీనికి తోడైంది. పార్లమెంటరీ బడ్జెట్ అధికారి ఈవ్ జిరూ కార్యాలయం 2023 మార్చిలో ఇచ్చిన నివేదికలో రెండు లెక్కలున్నాయి. కట్టిన పన్ను, వచ్చిన రిబేటు మాత్రమే చూస్తే ఎక్కువ కుటుంబాలకు లాభం. పన్ను వల్ల ఉద్యోగాలు, జీతాలు, పెట్టుబడుల మీద పడే ప్రభావం కూడా కలిపితే ఎక్కువ కుటుంబాలకు నష్టం. ప్రతిపక్షం రెండో లెక్కను పట్టుకుంది, ప్రభుత్వం మొదటిదాన్ని పట్టుకుంది, ఒకరి అంకె ఇంకొకరి చెవికి ఎక్కలేదు. ఏడాది తర్వాత ఆ కార్యాలయమే తప్పు దిద్దుకుంది. కుటుంబాల పన్ను ప్రభావాన్ని అంచనా వేయబోయి పెద్ద పరిశ్రమల మీద విడిగా ఉన్న కార్బన్ ధర ప్రభావాన్ని కూడా కలిపేసింది. 2024 అక్టోబరులో సవరించిన నివేదిక వచ్చింది, నష్టం అంచనా బాగా తగ్గింది. అప్పటికి పాత అంకె లెక్కలేనన్ని ప్రసంగాల్లో తిరిగింది. ఆ లెక్కలు ఏవీ కార్చిచ్చుల వల్ల, వరదల వల్ల అదే కుటుంబాలకు జరిగే నష్టాన్ని పన్ను వల్ల కలిగే మేలు వైపు వేయలేదన్న సంగతి కూడా మరుగున పడింది. వందల మంది ఆర్థికవేత్తలు పన్నును సమర్థిస్తూ 2024లో బహిరంగ లేఖ రాశారు. వాళ్ళు చెప్పింది సరైనదే, కానీ గ్యాసు బిల్లులోని ఒక్క వరుసకు అది సమాధానం కాలేకపోయింది.

వ్యతిరేకుల వైపు బలమైన వాదన లేదనను. వారానికి రెండుసార్లు ట్యాంకు నింపుకుని వందల కిలోమీటర్లు తిరిగే పల్లె మనిషికి బస్సు లేదు, మెట్రో లేదు, మైనస్ 30 డిగ్రీల చలిలో హీటరు ఆపే వీలు లేదు. ధర పెరిగితే వాడకం తగ్గించుకోవాలంటే ముందు వేరే దారి ఉండాలి. 2021 తర్వాత అన్ని ధరలూ పెరిగి, ఇళ్ళ అప్పుల వడ్డీ పెరిగి ఊపిరాడని రోజుల్లో ప్రతి ఏప్రిల్ 1నా ఒక పన్ను పెరగడం ఎవరికైనా మంట పుట్టిస్తుంది. నిజానికి ఏటా ఈ పెంపు ద్రవ్యోల్బణానికి కలిపింది 0.15 శాతం పాయింట్లేనని బ్యాంక్ ఆఫ్ కెనడా చెప్పింది. మంటలో ఉన్నవాడు దశాంశాలు వినడు. అయినా ఆ మంటకు మందు రిబేటును ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త కంటికి కనబడేలా ఇవ్వడం అని నేను అనుకుంటాను. రాజకీయం మరో దారి పట్టింది.

2025 జనవరిలో ట్రూడో దిగిపోతానని ప్రకటించాడు. ఆయన స్థానానికి పోటీపడ్డ ప్రధాన అభ్యర్థులు మార్క్ కార్నీ, క్రిస్టియా ఫ్రీలాండ్ ఇద్దరూ కుటుంబాల మీది పన్ను తీసేస్తామన్నారు. కార్నీ రెండు దేశాల కేంద్ర బ్యాంకులకు గవర్నరుగా, ఐక్యరాజ్యసమితికి వాతావరణ ప్రతినిధిగా పనిచేసిన మనిషి. కార్బన్‌కు ధర ఎందుకు ఉండాలో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మార్చి 14న ప్రధానిగా ప్రమాణం చేసిన రోజే పన్నును సున్నా చేసే పత్రం మీద కెమెరాల ముందు సంతకం పెట్టాడు. ఏప్రిల్ 28 ఎన్నికల్లో ఆయన పార్టీ గెలిచింది. రాజకీయంగా ఆ సంతకం ఫలించిందని ఒప్పుకోవాలి, ప్రత్యర్థి చేతిలోని ప్రధాన నినాదం ఒక్కపూటలో మాయమైంది. అదే ఏప్రిల్ 1న బ్రిటిష్ కొలంబియా కూడా పదిహేడేళ్ళ తన పన్నును, దానితో ముడిపడిన కుటుంబాల చెల్లింపును ముగించింది. పెద్ద పరిశ్రమల మీది కార్బన్ ధర మాత్రం కొనసాగుతోంది. 2030 నాటి ఉద్గారాల తగ్గింపులో కుటుంబాల పన్ను వాటా 8 నుంచి 14 శాతమే, పరిశ్రమల ధర వాటా 20 నుంచి 48 శాతం దాకా ఉండొచ్చని కెనడియన్ క్లైమేట్ ఇన్‌స్టిట్యూట్ అంచనా వేసింది. వాతావరణం దృష్టితో చూస్తే పోయినదాని కంటే మిగిలినది పెద్దది. కుటుంబాల దృష్టితో చూస్తే పోయింది చాలా పెద్దది.

ఎవరికి ఎంత పోయిందో ఆ ఎన్నికల్లో ఎవరూ లెక్క చెప్పలేదు. అల్బర్టాలో నలుగురి కుటుంబానికి ఏడాదికి 1,800 డాలర్లు, సస్కాచువాన్‌లో 1,504, మానిటోబాలో 1,200 వస్తుండేవి. ఎక్కువ కాల్చే ఇంటికి పన్ను రద్దు వల్ల మిగిలేది ఎక్కువ, పోయిన రిబేటు అందరితో సమానం. తక్కువ కాల్చే ఇంటికి మిగిలింది కొంచెం, పోయింది అంతే మొత్తం. పెద్ద కారున్న ఇంట్లో చేరిన లాభం కారు లేని ఇంట్లోంచి వచ్చిందే. ద్రవ్యోల్బణం అంకె ఈ మార్పిడిని పూర్తిగా కప్పేసింది. ధరల సూచీ కొలిచేది ధరలనే. పెట్రోలు ధర తగ్గితే అది సూచీలో కనిపిస్తుంది. ఖాతాలో పడాల్సిన 280 డాలర్లు పడకపోతే అది ధర కాదు, ఆదాయం, కాబట్టి సూచీకి పట్టదు. 2025 ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 2.3 నుంచి 1.7 శాతానికి దిగింది. పెట్రోలు అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే 18.1 శాతం చవకైంది. జీవన వ్యయం తగ్గిందని శీర్షికలు వచ్చాయి. బస్సులో వెళ్ళే మనిషికి ఆ నెల ఖర్చు తగ్గలేదు, ఆ చివరి జమ తర్వాత రాబడి మాత్రం తగ్గింది. జులై 1 నుంచి ఆదాయపు పన్ను అట్టడుగు శ్లాబు 15 నుంచి 14 శాతానికి తగ్గించారు. అది ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు ఉపయోగం. కట్టేంత ఆదాయం లేని ముసలివాళ్ళకు, పార్ట్‌టైం కూలీలకు అందులో ఏమీ లేదు. రిబేటు వాళ్ళకు కూడా పూర్తిగా అందేది.

తెలుగువాళ్ళకు ఇది దూరపు కథ కాదు. ఒంటారియోకు చదువుకోవడానికి వెళ్ళిన విద్యార్థి 19 ఏళ్ళు నిండి, పన్ను లెక్కల ప్రకారం అక్కడి నివాసి అయితే, ఆర్‌సీ 151 అనే ఫారం నింపి పంపితే ఈ డబ్బుకు అర్హుడయ్యేవాడు. ఆదాయం సున్నా అయినా ఏటా రిటర్ను వేయమని సీనియర్లు కొత్తవాళ్ళకు చెప్పే సలహా వెనక ఉన్న కారణాల్లో ఇదీ ఒకటిగా ఉండేది. ఒంటరి మనిషికి 2024–25లో ఏడాదికి 560 డాలర్లు, అంటే మూడు నెలలకోసారి 140. బేస్‌మెంటులో నలుగురితో గది పంచుకుంటూ, బస్సు పాసు మీద తిరిగే విద్యార్థికి 140 డాలర్లంటే చాలా రోజుల కిరాణా. కార్బన్ పన్ను ఎత్తేశారన్న వార్త ఇంటికి ఫోను చేసి సంతోషంగా చెప్పిన పిల్లలు కూడా ఉండే ఉంటారు. నష్టపోయినవాళ్ళలో వాళ్ళే ముందు వరుసలో ఉన్నారు.

ఆస్ట్రియాది ఇంకా చేదు అనుభవం. 2022 అక్టోబరులో టన్నుకు 30 యూరోలతో కార్బన్ ధర పెట్టారు. డబ్బు క్లిమాబోనస్ పేరుతో ప్రతి నివాసికీ తిరిగి ఇచ్చారు. మొదటి ఏడాది ధరల మంటకు ఉపశమనంగా మరికొంత కలిపి పెద్దలకు 500 యూరోలు ఇచ్చారు. 2024లో ఉన్న ఊరికి బస్సు, రైలు సౌకర్యం ఎంత ఉందన్న దాన్ని బట్టి 145 నుంచి 290 యూరోల వరకు ఇచ్చారు. బండి తప్ప దిక్కులేని పల్లెకు ఎక్కువ, వియన్నాకు తక్కువ. కెనడా గ్రామీణ అదనం కంటే ఇది చాలా తెలివైన అమరిక, అడిగే ప్రశ్నకు నేరుగా జవాబిస్తుంది. అయినా 2025లో కొత్త సంకీర్ణ ప్రభుత్వం లోటు పూడ్చుకోవడానికి దాన్ని రద్దు చేసింది. ఏడాదికి దాదాపు 200 కోట్ల యూరోల ఆదా అని లెక్క చెప్పింది. ఉద్యోగానికి దూరం వెళ్ళేవాళ్ళకు పన్ను రాయితీ కాస్త పెంచింది. కార్బన్ ధరను మాత్రం తీసేయలేదు, 2025లో అది టన్నుకు 55 యూరోలు. అంటే తిరిగి ఇస్తామన్న మాట మీద మొదలైన పన్ను, మాట పోయాక మామూలు పన్నుగా మిగిలింది. కెనడాలో రెండూ కలిసి పోయాయి, కనీసం అందులో ఒక పొంతన ఉంది. ఆస్ట్రియాలో జరిగింది మాట తప్పడం. రేపు ఏ దేశంలోనైనా ప్రభుత్వం వచ్చి ఈ పన్ను డబ్బు మీకే తిరిగి ఇస్తాం అంటే, జనం వియన్నాను చూపించి మేం నమ్మం అంటారు.

ఆస్ట్రేలియాలో దీనికి పూర్తిగా తలకిందులుగా జరిగింది. జూలియా గిలార్డ్ ప్రభుత్వం 2012 జులై 1న టన్నుకు 23 డాలర్ల ధర పెట్టింది. పరిహారంగా పింఛన్లు పెంచింది, ఆదాయపు పన్ను పడని పరిమితిని 6,000 నుంచి 18,200 డాలర్లకు ఎత్తింది. తర్వాత ప్రధాని అయిన టోనీ అబాట్ 2014 జులైలో కార్బన్ ధరను రద్దు చేశాడు. 18,200 పరిమితి అలాగే ఉండిపోయింది. దాన్ని కిందికి దించితే లక్షల మంది జీతగాళ్ళకు నెల జీతంలో కోత కనిపిస్తుంది, ఆ ధైర్యం ఎవరికీ లేదు. ఆ పరిమితి కార్బన్ ధరకు పరిహారంగా వచ్చిందన్న సంగతి జనం మరిచిపోయారు, డబ్బు మాత్రం నిలిచింది. పేరుతో వచ్చిన రిబేటు పేరుతో పాటు పోతుంది, వ్యవస్థలో కలిసిపోయిన పరిహారం బతుకుతుంది. దీంతో నేను పూర్తిగా తృప్తిపడలేను. కార్బన్ ధరకు జనంలో మద్దతు కూడగట్టే పని అలాంటి పరిహారం చేయలేదు, ఆస్ట్రేలియాలో చేయనే లేదు.

స్విట్జర్లాండ్‌లో పన్నూ వాపసూ రెండూ నడుస్తున్నాయి. ఇళ్ళను వెచ్చబెట్టే ఇంధనం మీద 2008 నుంచి పన్ను ఉంది, 2022 నుంచి టన్నుకు 120 ఫ్రాంకులు. వసూలైన దాంట్లో మూడింట రెండు వంతులు జనానికి, కంపెనీలకు తిరిగి వెళ్తుంది. జనం వాటా ఆరోగ్య బీమా ప్రీమియంలో తగ్గింపుగా, మనిషికి ఏడాదికి దాదాపు 60 ఫ్రాంకులు. బీమా బిల్లులో ఒక వరుస. అక్కడి ప్రజల్లో చాలామందికి ఆ తగ్గింపు ఉన్నట్టే తెలియదని తేలింది. కెనడా, స్విట్జర్లాండ్ రెండింటినీ కలిపి చేసిన ఒక అధ్యయనం 2022లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చింది. రెండు దేశాల్లోనూ జనం తమకు వచ్చే మొత్తాన్ని తక్కువగా ఊహించుకుంటున్నారని, నిజమైన లెక్క చూపించినా పన్ను మీద అభిప్రాయం పెద్దగా మారలేదని అది చెప్పింది. ఈ ఫలితాన్ని పక్కన పెట్టి ప్రచారం సరిగ్గా చేసుంటే కెనడా పథకం బతికేదని అనలేను. రాజకీయ పక్షం ముందే ఎంచుకున్న మనిషికి అంకె ఆలస్యంగా చేరితే పనిచేయదు. మొదటి రోజు నుంచీ, పన్ను కనబడే కాగితం మీదే రిబేటు కనబడి ఉంటే ఏమయ్యేదో మాత్రం ఏ దేశమూ ప్రయత్నించి చూడలేదు.

మన దేశంలో కార్బన్ పన్ను లేదనుకునేవాళ్ళకు బొగ్గు సెస్సు గుర్తు చేయాలి. 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై, 2016 నాటికి 400 రూపాయలకు చేరింది. సింగరేణి బొగ్గు మీదా పడింది, ఆ బొగ్గుతో వచ్చిన కరెంటు బిల్లు కట్టిన ప్రతి ఇంటి మీదా పరోక్షంగా పడింది. స్వచ్ఛ ఇంధన నిధి కోసం అని చెప్పి వసూలు చేశారు. 2017లో జీఎస్టీ రాగానే అది రాష్ట్రాలకు పరిహారమిచ్చే సెస్సులో కలిసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ సెస్సు పోయి బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. ఇంత కాలంలో కుటుంబాలకు నేరుగా తిరిగి వచ్చింది ఏమీ లేదు, రావాలని అడిగినవాళ్ళూ లేరు. ఖాతాలో డబ్బు వేసే యంత్రాంగం మాత్రం మన దగ్గర కెనడా కంటే తక్కువదేమీ కాదు. వంటగ్యాసు రాయితీ 2015 నుంచి దేశమంతా నేరుగా ఖాతాల్లో పడింది. 2020 వేసవి నుంచి సాధారణ వినియోగదారులకు ఆ జమ ఆగిపోయినప్పుడు ఎంతమంది ఏ నెలలో గమనించారో పాఠకులు తమ పాస్‌బుక్కు తిరగేసి చూసుకోవచ్చు.

ఇక ముందున్నది యూరప్. పెట్రోలు, ఇళ్ళ ఇంధనం మీద కార్బన్ ధరను ఐరోపా సమాఖ్య 27 దేశాలకూ విస్తరించాలని చట్టం చేసింది. 2027లో మొదలు కావాల్సిన దాన్ని ఏడాది వెనక్కి జరిపారు. పేద కుటుంబాల కోసం సామాజిక వాతావరణ నిధి పెట్టారు. దేశాలు తమ ప్రణాళికలో 37.5 శాతం వరకే నేరుగా కుటుంబాల చేతికి ఇవ్వొచ్చు, మిగతాది ఇళ్ళ మరమ్మతులకు, రవాణాకు పెట్టాలి. ఇప్పటికీ బొగ్గు పొయ్యితో ఇల్లు వెచ్చబెట్టుకునే పోలండ్ పల్లెలకు, బల్గేరియా పట్టణాలకు ఈ ధర వెళ్ళబోతోంది. జర్మనీ అనుభవం వాళ్ళ ముందుంది. అక్కడ సొంత కార్బన్ ధర 2021లో 25 యూరోలతో మొదలై 2025కి 55కి చేరింది. 2021 చివర్లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం తలసరి చెల్లింపు ఇస్తామని ఒప్పందంలో రాసుకుంది. ప్రతి పౌరుడి ఖాతాకూ డబ్బు పంపే యంత్రాంగం లేదంటూ మొదలుపెట్టి, డబ్బు లేదనే దాకా వచ్చి, ఆ ప్రభుత్వం ఒక్క యూరో ఇవ్వకుండానే కూలిపోయింది. ధర పెట్టడానికి ఒక్క సంతకం చాలు, వాపసు ఇవ్వడానికి ముందుగా పద్దు తెరిచి ఉండాలి. ఐరోపా దేశాలు ధర మొదలయ్యే రోజుకు ముందే ఆ పద్దు తెరవాలి, వాపసు ఎంతో బంకు రసీదు మీద, గ్యాసు బిల్లు మీద అచ్చు వేయాలి, బడ్జెట్ లోటు వచ్చిన ప్రతిసారీ దాని మీద చెయ్యి వేయకుండా చట్టంలో కట్టు పెట్టాలి. ఈ మూడింటిలో ఒక్కటైనా చేయని దేశంలో ధరను వాయిదా వేయడమే మేలని నేను అంటాను.